పొద్దున వెళ్ళి సాయంత్రానికల్లా పిల్లలకి స్కీయింగ్ నేర్పించడం ఎలా?

మాది తెనాలి. మాకు మంచు అంటే నెలగంట పెట్టాక తెల్లవారుజామున ముగ్గుల మీద దిగేదే. మన భాష కూడా మంచు విషయంలో పెద్దగా శ్రమ పడలేదు. పొగలా కమ్మేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, కొండల మీద పేరుకునేదీ మంచే. ఒక్క మాటతో సరిపెట్టేసుకున్నాం. అలాంటి చోట పుట్టి, ఉద్యోగం పుణ్యమా అని టోక్యో చేరి, ఇద్దరు పసిపిల్లల్ని వెంటేసుకుని మూడుసార్లు రైల్లో మంచుకొండకి వెళ్ళొచ్చినవాణ్ణి నేను. మూడుసార్లూ అందరం తిరిగొచ్చాం. సలహాలివ్వడానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

మేముండేది నిషి కసాయిలో. పేరు చూసి జడుసుకోకండి. టోక్యోలో మనవాళ్ళు బాగా ఉండే పేట అది. కందిపప్పు, కరివేపాకు దొరుకుతాయి. మేం వెళ్ళే కొండ గాలా యుజావా. నీగాతా రాష్ట్రంలో ఉంది, 1990 డిసెంబరులో తెరిచారు. షింకన్‌సెన్ దిగి స్టేషను గేటు దాటితే చాలు, అదే భవనంలో టికెట్లు, అద్దె సామాను, బట్టలు మార్చుకునే గదులు అన్నీ ఉంటాయి. అక్కణ్ణుంచే తీగ మీద కొండెక్కించే గొండోలా. స్టేషను కూడా చలికాలానికే పుట్టింది. మంచు కరిగి కొండ మూతపడితే స్టేషనూ మూతే. టోక్యో నుంచి రైల్లో గంటంబావు, మహా అయితే ఇంకో అయిదు నిమిషాలు.

ఇంత సులువుగా అమర్చిపెడితే పిల్లలకి కష్టం విలువ ఎలా తెలుస్తుంది? అందుకే ఈ చిట్కాలు. కిందటి ఫిబ్రవరిలో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు అయిదుగురం కలిసి వెళ్ళాం. ప్రతి చిట్కా ఆ రోజు నేను స్వయంగా పరీక్షించి చూసిందే.

1. ప్రయాణం లెక్క రైలు టైముతోనే వేయండి

రైలు గంటంబావు. ఎనిమిదిన్నరకి కొండ మీద ఉండాలంటే ఏడుంబావుకి బయల్దేరాలి. లెక్క అయిపోయింది.

కొందరు ఇందులో పిల్లల్ని నిద్రలేపడం, పాలు, ఏడుపు, ఒక కాలి మేజోడు కోసం వెతుకులాట కూడా కలుపుతారు. అది పిరికివాళ్ళ లెక్క. నిషి కసాయి నుంచి తోజాయ్ లైన్లో ఒతెమాచికి పావుగంట. అక్కణ్ణుంచి నేలమాళిగలో టోక్యో స్టేషనుకి నడక. పెద్దవాళ్ళకి పది నిమిషాలు. మూడేళ్ళవాడికి మాత్రం దారిలో ఎన్ని కూల్‌డ్రింకుల మెషీన్లుంటే అన్ని నిమిషాలు అదనం. ప్రతి మెషీనుకీ మీటలుంటాయి, ప్రతి మీటా నొక్కాలి. మేం షింకన్‌సెన్ ప్లాట్‌ఫాం ఎక్కేసరికి మేం అనుకున్న రైలు తోక కనిపించింది. చెప్పిన నిమిషానికి వెళ్ళిపోయింది. మనం కుటుంబంతో వస్తున్నామన్న ఇంగితం లేకుండా.

తర్వాతి రైలు దొరికింది కాబట్టి నా లెక్క తప్పలేదనే అంటాను.

2. పిల్లలకి సీట్లు కొనకండి

జపాన్ రైళ్ళలో ఆరేళ్ళ నుంచి పదకొండేళ్ళ దాకా అర టికెట్టు. ఇంకా బడిలో చేరని పిల్లలు విడిగా సీటు అడక్కపోతే ఉచితం. ఒక్కో పెద్దమనిషికి ఇద్దరు పిల్లల చొప్పున తీసుకెళ్ళొచ్చు. మా అమ్మాయికి ఆరు నిండాయి, అయినా ఏప్రిల్లో ఒకటో తరగతిలో చేరేదాకా రైల్వేవారి లెక్కలో పసిగుడ్డే. మేం ముగ్గురు పెద్దలం. అంటే ఆరుగురు పిల్లల్ని ఉచితంగా తీసుకెళ్ళొచ్చు. మాకు ఇద్దరే ఉన్నారని మొదటిసారి బాధేసింది.

ఉచితం అన్నాక ఒళ్ళో కూర్చోబెట్టుకోవడమే. మంచుబట్టలు తొడిగిన మూడేళ్ళ పిల్లవాడు గోతంలో కుక్కిన పిల్లిలాంటివాడు. ఉయెనో దాటేలోపే నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని మనవరాలిని ఒళ్ళోకి లాక్కున్నారు. ఇద్దరూ బయటికి చూస్తూ ఏదో లెక్కపెడుతున్నారు. నేను మాత్రం ఎంత డబ్బు మిగిలిందో లెక్కపెట్టుకున్నాను.

3. బట్టలన్నీ ఇంట్లోనే తొడిగేయండి

దిగాక ఆ జనంలో బట్టలు మార్చడమేమిటి? లోపల నూలు బనీను, దాని మీద ఇంకో నూలు బనీను, చొక్కా, స్వెటర్, మంచుకోటు, మూడు జతల మేజోళ్ళు. అన్నీ ఇంట్లోనే.

ఇక్కడ దుకాణాలవాళ్ళు వేరే పాట పాడతారు. ఒంటిని అంటుకునే పొర నూలుది ఉండకూడదట. నూలు చెమట పీల్చుకుని ఆరదట, తడి గుడ్డ చలిని లోపలికి తెస్తుందట. ఉన్నిదో పాలిస్టర్‌దో వేయాలట. మేజోళ్ళు కూడా మందపాటివి ఒక్క జతే చాలునట. ఎక్కువైతే బూటు బిగిసి, నెత్తురు ఆడక, పాదాలు ఇంకా చల్లబడతాయట. ఇదంతా బట్టల వ్యాపారం. మా నాన్న జీవితమంతా నూలు బనీన్లే వేశారు, ఏ కొండ మీదా వణకలేదు. ఆయన ఏ కొండా ఎక్కలేదన్నది వేరే సంగతి.

రైల్లో హీటరు వేస్తారు. ఒమియా వచ్చేసరికి మావాడి మొహం టమాటాలా అయిపోయి, బనీను రెండు పొరలూ తడిసి, ఏడుపు రాగం తీసింది. అత్తగారు వాణ్ణి అందుకుని ఉల్లిపాయ ఒలిచినట్టు ఒక్కొక్క పొరే ఒలిచారు. ఆవిడ మటుకు సల్వార్ కమీజు మీద స్వెటరు, దాని మీద మా ఆవిడ పాత కోటు, నెత్తిన తెనాలి నుంచి తెచ్చుకున్న మంకీ క్యాపుతో హాయిగా ఉన్నారు.

"అల్లుడు గారూ, బిడ్డని ఉడకబెట్టడానికా కొండకి తీసుకెళ్ళేది?" అన్నారు.

పెద్దవాళ్ళు. ఏమీ అనలేం.

4. సామాను మీరే మొయ్యండి, సైజు పెద్దది కొనండి

ఈ దేశంలో స్కీ పలకల్ని ఇంటి దగ్గర అప్పజెబితే కొండకే చేర్చే కొరియరు సేవ 1983 నుంచి ఉంది. బద్ధకస్తుల కోసం పెట్టింది. గాలాలో అద్దెకి దొరుకుతాయి కూడా. పిల్ల కాలికి కొలత చూసి, సరిపోకపోతే మార్చి ఇస్తారు. అది డబ్బున్నవాళ్ళ కోసం.

నేను పాత సామాన్ల దుకాణంలో రెండు జతల పలకలూ, రెండు జతల బూట్లూ కొన్నాను. మన బడి యూనిఫాం పద్ధతిలో కొన్నాను. అంటే మూడేళ్ళు వచ్చేలా. పిల్లలు పెరుగుతారు కదా. స్కీ బూటు పాదాన్ని పట్టి ఉంచితేనే పలక మాట వింటుందనీ, పలక పిల్ల గడ్డం ఎత్తుకి మించకపోతే మంచిదనీ తెలిసినవాళ్ళు అంటారు. మా అమ్మాయి బూట్లో పాదం పెట్టి, "నాన్నా, ఇందులో తమ్ముడు కూడా పడతాడు" అంది. చూశారా, ఒక్క కొనుగోలుతో ఇద్దరికీ!

ఆ మూట భుజాన వేసుకుని ఒతెమాచి నేలమాళిగలో నేను వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు వంగి నాకు క్షమాపణ చెప్పారు. జపాన్‌లో మర్యాద ఎక్కువ.

5. తకసాకిలో దిగండి

ఇది నా చిట్కాలన్నిటిలోకీ మకుటం.

తకసాకి దరుమ బొమ్మలకి పుట్టిల్లు. దరుమ అంటే బోధిధర్ముడు. మన కంచి రాజకుమారుడే చైనా వెళ్ళి ధ్యానం నేర్పాడనీ, ఆయనే ఇక్కడ ఎర్రగా, గుండ్రంగా, కాళ్ళూ చేతులూ లేకుండా బొమ్మయ్యాడనీ చెబుతారు. ఆ బొమ్మ మొహం ఉన్న ఎర్ర డబ్బాలో అన్నం పెట్టి అమ్ముతారు. అన్నం తిన్నాక ఆ డబ్బా పిల్లలకి హుండీ అవుతుంది. నోటి దగ్గర చిల్లర వేసే కన్నం కూడా ఉంటుంది. టోక్యో స్టేషనులోనూ ఆ డబ్బా దొరుకుతుందని మా ఆవిడ అంది. పుట్టింట్లో కొన్న రుచి వస్తుందా?

రైలు తకసాకిలో ఆగుతుంది. ఎంతసేపో నేను చూసుకోలేదు. చూసుకునేవాడు సాహసాలు చెయ్యలేడు. విజయవాడలో బండి దిగి, ఇడ్లీ పొట్లం, నీళ్ళ సీసా, వారపత్రిక కొని, చిల్లర సరిచూసుకుని, కదిలే బండిని అందుకున్న వంశం మాది. "ఏవండీ, వద్దండీ" అని మా ఆవిడ అనేలోపే దిగాను. డబ్బాలు ప్లాట్‌ఫాం మీద లేవు. మెట్లు దిగాను. నాలుగు కొన్నాను. మెట్లెక్కాను.

జపాన్ రైలుకి ఒక దురలవాటు ఉంది. కదలబోయే ముందు తలుపులు మూసేసుకుంటుంది.

అద్దంలోంచి మా అమ్మాయి చెయ్యి ఊపింది. మా ఆవిడ ఊపలేదు. రెండు నిమిషాల్లో మెసేజి వచ్చింది: "మేం వెళ్తున్నాం. మీరు తర్వాతి బండికి రండి. కంగారేం లేదు." అందులో ఎంత కంగారుందో నాకు తెలుసు కదా.

డబ్బాలో కోడిమాంసం ముక్కలున్నాయని అప్పుడు చూశాను. మాది శాకాహారం ఇల్లు.

6. రైల్లో పిల్లలకి ఉపన్యాసం ఇవ్వండి

ఇది నాకు కుదరలేదు గానీ మీకు పనికొస్తుంది. తకసాకి దాటాక వరుసగా సొరంగాలు. చివరిది దైషిమిజు, 22 కిలోమీటర్ల పైమాట. దానికి ఇవతల గున్మా, అవతల నీగాతా. ఇవతల ఆకాశం నీలంగా, నేల పొడిగా ఉంటుంది. అవతలికి వెళ్ళేసరికి ఇళ్ళ కప్పుల మీద మనిషెత్తు మంచు. కారణం చెప్పాలంటే సైబీరియా నుంచి మొదలుపెట్టాలి. అక్కణ్ణుంచి వచ్చే చలిగాలి జపాన్ సముద్రం మీద తడి తాగి, ఈ కొండల్ని గుద్దుకుని, తాగిందంతా నీగాతా వైపు మంచుగా దించేస్తుంది. బరువు దించుకున్న పొడిగాలి మా టోక్యో వైపు వస్తుంది. అందుకే మాకు పెదాలు పగులుతాయి, వాళ్ళకి కప్పులు విరుగుతాయి.

అది కాగానే సాహిత్యం. కవాబాతా యసునారి 'యుకిగుని' నవల ఈ యుజావాలో బస చేసి రాశాడు. ఆ మాటకి అర్థం మంచుసీమ. కథ మొదలయ్యేదే రైలు సొరంగం దాటి మంచులోకి రావడంతో. ఆయన వచ్చింది 1931లో తెరిచిన పాత షిమిజు సొరంగంలోంచి, మనం వెళ్ళేది దాని తమ్ముడిలోంచి. ఆయనకి 1968లో నోబెల్ వచ్చింది. ఇవన్నీ రెండు కాగితాల మీద రాసుకున్నాను. పిల్లలు కిటికీ వైపు తిరక్కుండా నా మొహంలోకి చూసేలా కూర్చోబెట్టాలని కూడా అనుకున్నాను.

వినాల్సినవాళ్ళు సొరంగంలో ఉన్నప్పుడు నేను నాలుగు ఎర్ర డబ్బాలతో తకసాకి ప్లాట్‌ఫాం మీద ఉన్నాను. తర్వాతి బండిలో నేనూ ఆ సొరంగం దాటాను. "ఎక్కడిదాకా వచ్చారు, ఏం చేస్తున్నారు, నేను వచ్చేదాకా ఏమీ మొదలుపెట్టకండి" అని మెసేజి కొడుతున్నాను. తలెత్తేసరికి బయటంతా తెల్లగా ఉంది.

7. బట్టబూట్లు వేసుకెళ్ళండి

నేనెక్కిన బండి ఎచిగో యుజావా దాకానే. అక్కణ్ణుంచి గాలాకి ఉచిత బస్సు ఉంది. ఆ ఊళ్ళో రోడ్డు మధ్యన వరసగా చిన్న చిన్న నీటి చిమ్మెనలుంటాయి. భూమిలోని నీరు చలికాలంలోనూ మరీ చల్లబడదు కాబట్టి ఆ నీటిని చిమ్మి రోడ్డు మీది మంచు కరిగిస్తారు. నీళ్ళలో ఇనుము ఉండడంవల్ల రోడ్లు తుప్పు రంగులో, అచ్చం మన బస్టాండు గోడల్లా ఉంటాయి. ఒక్క క్షణం సొంతూరు గుర్తొచ్చింది. ఆ క్షణంలోనే చిమ్మెన మీద కాలేశాను.

8. పిల్లలు ఆడుకుంటుంటే వెంటనే ఆపండి

తడి కాళ్ళతో, ఎర్ర డబ్బాలతో గొండోలా ఎక్కాను. దిగేచోటు 800 మీటర్ల ఎత్తు. పైన పిల్లలు మంచులో ఆడుకోవడానికి వేరే చోటు ఉంది. మావాళ్ళు అక్కడ దొరికారు.

అత్తగారు మంకీ క్యాపుతో, మా ఆవిడ చేతిగవుసులు తొడుక్కుని, మంచులో గొంతుకూర్చున్నారు. మంచుని రెండు చేతులా నొక్కి సున్నుండలు చుడుతున్నారు. మా అమ్మాయి వాటిని పులిహోర డబ్బా మూత మీద పేర్చి కొట్టు పెట్టింది. మావాడు కొనేవాడు, కొన్నదాన్ని కొట్టు వెనక పారేసి మళ్ళీ వరసలో నిలబడుతున్నాడు. వాడి వెనక ముగ్గురు జపాన్ పిల్లలు. వాళ్ళమ్మలు మా ఆవిడతో నవ్వుతూ మాట్లాడుతున్నారు. పులిహోర అప్పటికే అయిపోయింది. రైల్లో తినేశారట.

"కంగారేం లేదన్నానుగా" అంది మా ఆవిడ.

చూడండి, ఎంత ప్రమాదమో! ఇంత దూరం వచ్చి, టికెట్లు కొని, మంచు ముద్దలతో పొద్దుపుచ్చడమా? ఆ పని ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి చేసుకోవచ్చు. పిల్లలు బాగా ఆడుకుంటున్నారంటే నేర్చుకోవడం లేదని అర్థం. కొట్టు మూయించాను. మావాడు ఏడిచాడు. వాడి వెనకున్న జపాన్ పిల్లల్లో ఒకడు కూడా ఏడిచాడు.

9. మాస్టరు ఎందుకు? మీరే నేర్పండి

స్కీ బడుల్లో చాలావాటిలో నాలుగేళ్ళ నుంచి చేర్చుకుంటారు. మావాడికి మూడు. అంటే వాడు ఏడాది ముందున్నాడు.

బడుల్లో మొదట బూట్లతో నడిపిస్తారు. తర్వాత ఒక కాలికే పలక తొడిగి జారిస్తారు. తర్వాత పడటం, లేవటం, ఆగటం. పొద్దుటి పూటంతా నేల చదునుగా ఉన్నచోటే. ఇలా అయితే పై దాకా ఎప్పుడు వెళ్ళేది? ఈ కొండ శిఖరం 1,181 మీటర్లు. గొండోలా దిగినచోటి నుంచి స్టేషను దాకా జారుకుంటూ రావడానికి రెండున్నర కిలోమీటర్ల దారి ఉంది. వచ్చిన గొండోలాలోనే తిరిగి దిగొచ్చు, చాలామంది అలాగే దిగుతారు. నాకు అది పరీక్ష మధ్యలో లేచిపోవడంలా అనిపిస్తుంది.

నేను చరిత్ర చదివి వెళ్ళినవాణ్ణి. ఈ నీగాతాలోనే, తకదాలో, 1911 జనవరి 12న ఫాన్ లెర్ఖ్ అనే ఆస్ట్రియా మేజరు జపాన్ సైనికులకి స్కీయింగ్ నేర్పాడు. ఆ రోజుల్లో ఒకటే పొడుగు కర్ర. సైన్యమే ఒక్క కర్రతో నేర్చుకుంటే మా పిల్లలకి రెండెందుకు? ఒకటే ఇచ్చాను, తలా పొడుగుది. ఇప్పటి మాస్టర్లు చిన్నపిల్లలకి మొదట్లో అసలు కర్రలే ఇవ్వరని తర్వాత చూశాను. వాళ్ళు లెర్ఖ్‌ని చదివి ఉండరు.

ఇక ఆగడం. పలకల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా. జపాన్‌వాళ్ళు దీన్ని 'హా' అక్షరం అంటారు. వాళ్ళ హా ఆ ఆకారంలోనే ఉంటుంది. తెలుగు పిల్లకి తెలుగు అక్షరంతోనే చెప్పాలని నేను 'గ' తలకట్టు తీసేసి ఊహించుకోమన్నాను. మా అమ్మాయి కాసేపు ఆలోచించింది. పక్కన పసుపు కోట్లు వేసుకున్న పిల్లల వరస ఒకటి మాస్టరు వెనకాల బాతుల్లా పోతోంది. వాళ్ళని చూసి, "ఓ, ఇంటి కప్పులాగానా?" అని, పలకలు ఇంటి కప్పులా పెట్టి, పది అడుగులు జారి, ఆగింది.

"చూశావా, ఇలాగే" అని చూపించబోయి నేను కదిలాను. నా కప్పు నిలబడలేదు. కొండ పక్కన నారింజరంగు వల కడతారు. ఎందుకు కడతారా అని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. అది పెద్దవాళ్ళ బరువు కూడా ఆపుతుంది. హెల్మెట్లు దండగని నేనన్నా వినకుండా పిల్లలకి మా ఆవిడ అద్దెకి తెచ్చి పెట్టింది. నాకూ ఒకటి తెస్తానంది. నేనే వద్దన్నాను. వలలో పడ్డప్పుడు ఆ మాట ఒకసారి గుర్తొచ్చింది.

10. బాత్రూము సంగతి ముందే తేల్చేయండి

"వెళ్ళాలా?" అని అడగండి. "వద్దు" అంటారు. నమ్మండి. బూట్ల బకిల్సు బిగించి, గవుసులు తొడిగి, హెల్మెట్ పెట్టి, గడ్డం కింద క్లిప్పు నొక్కిన మరుక్షణం "నాన్నా" అని పిలుస్తారు. కోటు, భుజాల పట్టీల మంచుపంట్లాం, దాని కింద పంట్లాం, దాని కింద మేజోళ్ళ పంట్లాం. గబగబా విప్పగలిగిన మనిషి మా ఇంట్లో ఒక్కరే ఉన్నారని ఆ రోజు తెలిసింది. పొద్దున రైల్లో ఉల్లిపాయ ఒలిచినావిడే.

11. ఎండని పట్టించుకోకండి

ఫిబ్రవరి ఎండ ఏం చేస్తుంది? మేం మే నెల తెనాలి ఎండ తిన్నవాళ్ళం. కొత్త మంచు మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుందనీ, ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే అవి ఓ పది శాతం పెరుగుతాయనీ చదివాను. అంటే ఎండ పై నుంచి ఒకసారి, కింద నుంచి ఒకసారి. మా ఆవిడ పిల్లల మొహాలకీ అత్తగారి మొహానికీ క్రీము రాసి, నల్ల కళ్ళద్దాలు పెట్టింది. నాకూ రాయబోతే "మనది మట్టిరంగు, ఏం కాదు" అన్నాను. సోమవారం ఆఫీసులో కళ్ళ చుట్టూ తప్ప మిగతా మొహమంతా ఊడుతుంటే, నా కింద పనిచేసే కుర్రాడు చాలా మర్యాదగా నేల చూస్తూ మాట్లాడాడు.

12. "ఇంకొక్కసారి" అనడం మానకండి

పిల్లలు అలిసిపోయారని ఎలా తెలుస్తుంది? మావాడు మంచులో బోర్లా పడుకుని లేవనన్నాడు. మా అమ్మాయి ప్రతి మాటకీ "ఊఁ" అంటోంది. ఇది అలసట కాదు, ఏకాగ్రత. కాళ్ళు అలిశాకే దెబ్బలు తగులుతాయని తెలిసినవాళ్ళంటారు. కొండ మూసేదాకా ఉంటేనే టికెట్టు గిట్టుబాటవుతుందని నేనంటాను.

మూడున్నరకి అత్తగారు లేచారు. "బాబూ, మీరుండండి. మేం దిగుతున్నాం" అన్నారు. అత్తయ్య గారు నన్ను అల్లుడు గారూ అనడం మాని బాబూ అన్నారంటే అక్కడితో చర్చ ముగిసినట్టే. అందరం గొండోలాలోనే దిగాం. పరీక్ష మధ్యలో లేచిపోయాం.

స్టేషను భవనంలోనే వేడినీళ్ళ స్నానశాల ఉంది. పదిమంది ఆడవాళ్ళు ఒకేచోట, ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలని చెప్పగానే అత్తగారు మంకీ క్యాపు ఇంకాస్త కిందికి లాక్కున్నారు.

13. తిరుగు ప్రయాణంలో మిగిలిన పాఠం పూర్తి చేయండి

రైలు నిండా జనం. నాకు సీటు లేదు. నిలబడే రెండు కాగితాలూ తీసి, ఉపన్యాసం మొదలుపెట్టాను. సైబీరియా నుంచి. జపాన్ సముద్రం దాటేసరికి మావాడు నిద్రపోయాడు. గాలి కొండల్ని గుద్దుకునేసరికి మా ఆవిడ. సొరంగంలోకి దిగేటప్పటికి మా అమ్మాయి అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టి కళ్ళు మూసుకుంది. కవాబాతా నోబెల్ బహుమతి మా అత్తగారొక్కరే విన్నారు.

"పొద్దున ఇక్కడే కదూ" అన్నారావిడ. "చీకట్లో కళ్ళు మూసుకోమన్నా. చెవులు గుయ్యిమంటున్నాయి అంది. తెల్లగా వెలుగు పడగానే తెరవమన్నా. పిల్ల నోరు కూడా తెరిచింది."

నేను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు బయట అంతా చీకటే. సొరంగం ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియలేదు.

ఈ చిట్కాలు పాటిస్తే ఫలితం ఎలా ఉంటుందో కూడా చెప్పి ముగిస్తాను. ఆ నాలుగు డబ్బాల్లో రెండు పిల్లలకి హుండీలయ్యాయి. మావాడు వాడిదాంట్లో బటాణీలు వేస్తున్నాడు. మా అమ్మాయి దొరికిన ప్రతి నాణెం వేస్తోంది. మొన్న ఆదివారం చిల్లరంతా చాప మీద బోర్లించి, నా కాగితం వెనక పక్క లెక్క రాస్తుంటే అడిగాను, దేనికమ్మా ఇదంతా అని.

"సొరంగానికి. నువ్వు చూళ్ళేదుగా."

ఏప్రిల్ నుంచి తనకి అర టికెట్టు పడుతుందట. తనకి అర, నాకు పూర్తి. కళ్ళు ఎప్పుడు మూసుకోవాలో, ఎప్పుడు తెరవాలో తనే చెబుతుందట. తకసాకిలో మాత్రం నా చెయ్యి పట్టుకునే కూర్చుంటుందట.

లెక్క చూశాను. అచ్చం నా పద్ధతే, రైలు చార్జీ ఒక్కటే వేసింది. కొండెక్కే టికెట్టు అందులో లేదు.